నీరంటని పూత

సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో శీతాకాలం తెల్లవారుజామున హైటెన్షన్ లైన్ల కింద చిటపటమని చప్పుడు వినబడుతుంది. మంచు దట్టంగా పట్టిన రోజైతే పింగాణీ ఇన్సులేటర్ల మీద సన్నని నీలి వెలుగు మెరిసి ఆరిపోతూ ఉంటుంది. ఒక్కోసారి అది అంతటితో ఆగదు. ఆ వెలుగు పై చిప్ప నుంచి కింది చిప్ప దాకా ఒక్క ఉదుటున పాకుతుంది, లైను ట్రిప్పవుతుంది, ఊరూరా కరెంటు పోతుంది. ఆ రాత్రి పిడుగూ పడి ఉండదు, గాలివానా వచ్చి ఉండదు. మంచు, దుమ్ము, ఉప్పు ఈ మూడూ ఒకచోట కలిస్తే చాలు, ఇంత పనీ జరిగిపోతుంది.

పొడి పింగాణీ గుండా కరెంటు పారదు. కానీ తీరప్రాంతపు గాలిలో ఉప్పు ఉంటుంది, ఫ్యాక్టరీల పక్కన సిమెంటు దుమ్ము, బూడిద ఉంటాయి. నెలల తరబడి అవి చిప్పల మీద పేరుకుంటాయి. పగలంతా ఏ ఇబ్బందీ ఉండదు. రాత్రి మంచు పడగానే ఆ తేమ పింగాణీ మీద పలచటి పొరగా పరుచుకుని ఉప్పును కరిగించుకుంటుంది. ఉప్పునీటికి కరెంటును మోసే గుణం ఉంది కదా, ఆ పొర వెంట కొద్దికొద్దిగా కరెంటు లీకవుతుంది. లీకయ్యే చోట వేడి పుట్టి పొర అక్కడక్కడా ఆరిపోతుంది. ఆరిన ఆ సన్నని పట్టీకి అటూ ఇటూ వోల్టేజి మొత్తం పోగుపడుతుంది, నిప్పురవ్వ దూకుతుంది. మనకు వినబడే చిటపటలు అవే. రవ్వలన్నీ ఒకదానితో ఒకటి కలిసిపోతే ఇన్సులేటర్ ఉన్నా లేనట్టే.

ఈ కథలో అసలు దోషి నీరు కాదు, నీరు పొరగా పరుచుకోవడం. అదే నీరు విడివిడి బొట్లుగా నిలబడితే బొట్టుకీ బొట్టుకీ మధ్య పొడి స్థలం మిగులుతుంది, కరెంటుకు దారి దొరకదు. అందుకే 1980ల నాటికే అమెరికాలోని సబ్‌స్టేషన్లలో పింగాణీ మీద రబ్బరు లాంటి ఒక పూత వేయడం మొదలైంది. దాన్ని ఆర్‌టీవీ సిలికోన్ అంటారు. మామూలు గది వేడికే, గాలిలోని తేమను పీల్చుకుని గట్టిపడే సిలికోన్ అది. వంటగదిలో సింకు చుట్టూ పూసే సీలెంటూ ఈ కుటుంబానిదే. స్ప్రే గన్‌తో కొడితే అర మిల్లీమీటరులోపు మందంలో పూత పడుతుంది.

ఈ పూతను చాలామంది సాదా సిలికోన్ అనుకుంటారు. అందులో సిలికోన్ ఒక్కటే ఉంటే వేలితో గీకినా ఊడివస్తుంది. దానికి బలాన్నిచ్చేది ఫ్యూమ్డ్ సిలికా అనే నానో పొడి. సిలికాన్ టెట్రాక్లోరైడ్ ఆవిరిని హైడ్రోజన్ మంటలో కాలిస్తే పుట్టే తెల్లటి, తేలికపాటి పొడి ఇది. జర్మనీలోని డెగుస్సా కంపెనీలో హ్యారీ క్లోప్ఫర్ 1942లో ఈ పద్ధతిని కనిపెట్టాడు, ఏరోసిల్ పేరుతో అది నేటికీ అమ్ముడవుతోంది. బాగా వాడుకలో ఉన్న రకంలో ఒక్కో కణం సుమారు 12 నానోమీటర్లు. అంటే మిల్లీమీటరులో 80 వేలో వంతు కన్నా చిన్నది. అంత చిన్నవి కాబట్టి ఒక్క గ్రాము పొడిలోని కణాల ఉపరితలాలన్నీ కలిపితే 200 చదరపు మీటర్లు తేలుతుంది. ఇల్లు కట్టుకునేవాళ్ల లెక్కలో చెప్పాలంటే దాదాపు 240 గజాల స్థలం, ఒక గ్రాములో! పాలిమర్ గొలుసులు పట్టుకుని వేలాడటానికి అంత చోటు దొరుకుతుంది కనుకే కొద్దిపాటి పొడితోనే మెత్తటి సిలికోన్ గట్టి రబ్బరవుతుంది. పాలిమర్‌లో ఇలా నానోకణాలను కలిపి తయారుచేసే పదార్థాన్నే పాలిమర్ నానోకాంపోజిట్ అంటారు.

ఇంతకీ ఒక తలం మీద నీరు పరుచుకుంటుందా, బొట్టు కడుతుందా అనేది ఎలా తేలుతుంది?

ఇంగ్లండులో వైద్యుడిగానూ భౌతిక శాస్త్రవేత్తగానూ పేరు పొందిన థామస్ యంగ్ 1805లోనే దీనికి లెక్క చెప్పాడు. బొట్టు అంచు తలాన్ని తాకే చోట ఏర్పడే కోణాన్ని స్పర్శకోణం అంటారు. అది 90 డిగ్రీల కన్నా తక్కువైతే తలానికీ నీటికీ పొత్తు కుదిరినట్టు, ఎక్కువైతే కుదరనట్టు. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా లాక్కుంటాయి. ఆ లాగుడునే తలతన్యత రూపంలో కొలుస్తారు. గది వేడిలో నీటికి అది మీటరుకు 72 మిల్లీన్యూటన్లు. తలం నీటిని అంతకన్నా గట్టిగా ఆకర్షిస్తే నీరు పరుచుకుంటుంది, లేకుంటే తనలో తాను ముడుచుకుంటుంది. శుభ్రమైన గాజు మీద నీరు పొరలా పాకుతుంది. 1938 ఏప్రిల్ 6న డ్యూపాంట్ ప్రయోగశాలలో రాయ్ ప్లంకెట్‌కు అనుకోకుండా దొరికిన టెఫ్లాన్ మీదైతే స్పర్శకోణం 110 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది.

రసాయనం ఒక్కదాన్నే నమ్ముకుంటే ఈ కోణం ఎంతో పెరగదు. ఫ్లోరిన్ పరమాణువులను వీలైనంత దగ్గరగా పేర్చిన నున్నటి తలాన్ని జపాన్ పరిశోధకులు 1999లో తయారుచేసి కొలిస్తే 119 డిగ్రీలు వచ్చింది. నున్నటి తలానికి అదే హద్దు. మరి చేమాకు మీద, తామరాకు మీద బొట్టు ఇంచుమించు గుండ్రంగా నిలబడుతుందే, అదెలా? తామరాకు మీద కోణం 160 డిగ్రీల దాకా ఉంటుంది. ఆ ఆకులో ఫ్లోరినేమీ లేదు, ఉన్నదల్లా మామూలు మైనం.

గుట్టంతా గరుకుతనంలో ఉంది. ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో ఉన్ని పరిశ్రమ పరిశోధనా సంఘంలో పనిచేసిన క్యాసీ, బ్యాక్స్‌టర్ 1944లో దీన్ని సమీకరణంగా రాశారు. వాళ్లు వెతుకుతున్నది నీరంటని బట్ట. వాళ్లు పరిశీలించిన వాటిలో బాతు ఈకలూ ఉన్నాయి. మైనం లాంటి పదార్థంతో చేసిన గరుకు తలం మీద బొట్టు పడితే ఎత్తుపల్లాల మధ్య గాలి చిక్కుకుపోతుంది. అప్పుడు బొట్టు సగానికి పైగా గాలి మీదే కూర్చుంటుంది. నీటికీ గాలికీ పొత్తు లేదు కనుక కోణం అమాంతం పెరిగిపోతుంది. తామరాకు విషయానికొస్తే, బొట్టు నిజంగా ఆకును తాకేది దాని కింద ఉన్న వైశాల్యంలో నూటికి రెండు మూడు వంతులే.

జర్మనీకి చెందిన వృక్షశాస్త్రవేత్త విల్‌హెల్మ్ బార్ట్‌లోట్ 1970లలో రకరకాల ఆకులను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి చూసేవాడు. నున్నటి ఆకులను ముందు కడిగితే గానీ చూడటానికి వీలయ్యేది కాదు. కొన్ని గరుకు ఆకులకు మాత్రం కడగాల్సిన పనే పడేది కాదు, అవి ఎప్పుడూ శుభ్రంగానే ఉండేవి. ఆ తేడాను ఆయన వదిలిపెట్టలేదు. తామరాకు మీద పది మైక్రాన్ల స్థాయి బుడిపెలు, ప్రతి బుడిపె మీదా వంద నానోమీటర్ల మందాన సన్నని మైనపు గొట్టాలు కనిపించాయి. ఒక గరుకు మీద మరో గరుకు అన్నమాట. 1997లో నైన్‌హ్యూస్‌తో కలిసి ఆయన ప్రచురించిన పత్రం తర్వాత పరిశ్రమలు ఇటు తిరిగాయి. 1999లో జర్మనీకి చెందిన స్టో కంపెనీ లోటుసాన్ అనే గోడల రంగును మార్కెట్‌లోకి తెచ్చింది. వాన పడితే గోడ మీది మురికి బొట్లతో పాటే జారిపోవాలన్నది దాని ఉద్దేశం.

ఆకు మీది ఆ నిర్మాణాన్ని డబ్బాలో పోసి అమ్మాలంటే పాలిమర్, నానోకణాల జోడీ కావాలి. కణాలు గరుకుతనాన్నిస్తాయి, పాలిమర్ వాటిని గోడకో ఇనుముకో పట్టి ఉంచుతుంది. కానీ ఫ్యూమ్డ్ సిలికా కణం పుట్టుకతో నీటికి చుట్టం. దాని ఒంటినిండా హైడ్రాక్సిల్ గుంపులుంటాయి. హెక్సామిథైల్ డైసిలజేన్ లాంటి సిలేన్ రసాయనంతో ఆ గుంపులను కప్పేస్తే గానీ అది నీటికి ఎదురు తిరగదు. ఇంకో చిక్కు, కణాలు ముద్దలు కట్టడం. వాటిని విడదీయడానికి అల్ట్రాసౌండ్ తరంగాలనో, సన్నని పూసలు తిరిగే మిల్లునో వాడతారు. ఇదంతా అయ్యాక కూడా పాళ్లు కుదరడం ఓ పట్టాన తేలదు. పాలిమర్ ఎక్కువైతే కణాలు అందులో మునిగిపోయి తలం నున్నగా తయారవుతుంది, నీరు జారదు. కణాలు ఎక్కువైతే నీరు చక్కగా జారుతుంది, కానీ చేత్తో తుడిస్తే పూత సుద్దపొడిలా ఊడి వస్తుంది. ఈ రంగంలో ఏటా వచ్చే వందల పరిశోధన పత్రాల్లో చాలా భాగం ఈ రెండు గోతుల మధ్య దారి వెతికేవే.

ప్రయోగశాలలో చూపించే ప్రదర్శన ముచ్చటగానే ఉంటుంది. పూత వేసిన పలకను కొద్దిగా వంచి, సూది కొసనుంచి ఐదు మైక్రోలీటర్ల బొట్టును వదిలితే అది ఎక్కడా ఆగకుండా దొర్లి కింద పడుతుంది. కోణం 150 డిగ్రీలు దాటి, పది డిగ్రీల లోపు వాలుకే బొట్టు దొర్లిపోతే దాన్ని సూపర్‌హైడ్రోఫోబిక్ తలం అంటారు. అయితే ఆరుబయట పడే చినుకు సూది కొసనుంచి మెల్లగా జారదు. రెండు మిల్లీమీటర్ల వాన చినుకు సెకనుకు ఆరు మీటర్లకు పైగా వేగంతో వచ్చి కొడుతుంది. ఆ తాకిడికి నీరు గరుకు సందుల్లోకి చొరబడి లోపలి గాలిని తరిమేస్తుంది. గాలి పోయాక అదే గరుకుతనం బొట్టును జారనివ్వక పట్టి ఉంచుతుంది. మంచు విషయంలోనైతే నీరు ఆవిరి రూపంలో సందుల్లోకి దూరి లోపలే బొట్టు కడుతుంది. తామరాకుకు గాయమైతే కొత్త మైనం ఊరుతుంది. గోడకు ఆ వెసులుబాటు లేదు.

కాబట్టి గత పదిహేనేళ్లలో ఈ రంగంలో జరిగిన మంచి పనంతా మన్నిక చుట్టూనే తిరిగింది. 2015లో లండన్ యూనివర్సిటీ కాలేజీ బృందం టైటానియం డయాక్సైడ్ నానోకణాలతో ఒక రంగును చేసి, దాన్ని నేరుగా వేయకుండా కింద జిగురు పొర మీద అంటించింది. గరుకు కాగితంతో 40 సార్లు రుద్దినా అది నీటిని జార్చింది. 2020లో చైనాలోని చెంగ్డూ నగరానికి, ఫిన్లాండులోని ఆల్టో విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు వేరే ఉపాయం పట్టారు. ముందు గట్టి పదార్థంతో మైక్రాన్ల స్థాయిలో గళ్లగళ్ల చట్రం కట్టి, సుకుమారమైన నానో గరుకును ఆ గళ్ల లోపల దాచారు. స్టీలు బ్లేడుతో గీసినా దెబ్బ చట్రానికే తగులుతుంది, లోపలిది పదిలంగా ఉంటుంది. కణాలను ఇంకా చిన్నవి చేయాలని కాక వాటిని కాపాడాలని ఆలోచించడమే ఈ పని గొప్పతనం.

ఇన్సులేటర్ మీది ఆర్‌టీవీ పూత ఇదే చిక్కును చాలా ముందే, ఏ ఆర్భాటమూ లేకుండా ఇంకో దారిలో దాటింది. దానికి 150 డిగ్రీల కోణం లేదు, 100కు కాస్త అటూ ఇటూ. బొట్లు దొర్లి పడకపోయినా పరవాలేదు, విడివిడిగా నిలబడితే చాలు. కానీ గట్టిపడిన సిలికోన్ లోపల గొలుసుకు అతుక్కోని చిన్న అణువులు కొన్ని మిగిలి ఉంటాయి. అవి నెమ్మదిగా పైకి ఊరుతూ ఉంటాయి. పూత మీద దుమ్ము పేరుకుంటే ఆ దుమ్ములోకీ పాకి, దుమ్మును కూడా నీరంటనిదిగా మార్చేస్తాయి! గట్టి తుఫానుకో, నిప్పురవ్వలకో పూత తన గుణాన్ని కోల్పోయినా, కొన్ని గంటలో కొన్ని రోజులో పొడిగా వదిలేస్తే మళ్లీ తేరుకుంటుంది. ఆకుకు ఊరే మైనం చేసే పనికి దగ్గరగా వచ్చిన పారిశ్రామిక పూత ఏదైనా ఉందంటే ఇదే.

ఇందులో మరో పొడికీ పాత్ర ఉంది. అల్యూమినా ట్రైహైడ్రేట్ అనే ఆ పొడి బరువులో మూడోవంతుకు పైగా నీరు రసాయన రూపంలో బందీ అయి ఉంటుంది. నిప్పురవ్వ తగిలి వేడి 200 డిగ్రీల సెల్సియస్ దాటగానే ఆ నీటిని వదులుతూ వేడిని మింగేస్తుంది, పూత బొగ్గుగా మారకుండా కాపాడుతుంది. ఎండకు సిలికోన్ తట్టుకోవడానికీ కారణం ఉంది. భూమిని చేరే అతినీలలోహిత కిరణాల్లో బలమైన వాటి శక్తి మోల్‌కు దాదాపు 400 కిలోజౌళ్లు. కార్బన్ కార్బన్ బంధం తెగడానికి 350 సరిపోతుంది. సిలికోన్ వెన్నెముకైన సిలికాన్ ఆక్సిజన్ బంధానికి 450 కావాలి. అందుకే మామూలు ప్లాస్టిక్ ఎండకు పెళుసెక్కి విరిగిపోయే చోట సిలికోన్ ఏళ్ల తరబడి నిలుస్తుంది.

పూత ఇంకా పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరమేమీ అక్కర్లేదు. సరఫరా ఆపిన ఇన్సులేటర్ మీద మామూలు స్ప్రే సీసాతో సెకనుకు ఒకటి రెండు సార్లు చొప్పున అర నిమిషం నీళ్లు చల్లి, బొట్లు ఎలా కట్టాయో చూస్తారు. విడివిడిగా గుండ్రంగా ఉంటే హెచ్‌సీ 1, తలమంతా తడి పొరగా ఉంటే హెచ్‌సీ 7. స్వీడన్‌లోని ఎస్‌టీఆర్‌ఐ సంస్థ రూపొందించిన ఈ ఏడు మెట్ల పద్ధతిని ప్రపంచమంతా వాడుతోంది. ఈ పూత రాకముందు సబ్‌స్టేషన్లలో సిలికోన్ గ్రీజు పూయడం, అది మురికి పట్టాక చేత్తో తుడిచి మళ్లీ పూయడం, లేదా లైను నడుస్తుండగానే శుద్ధి చేసిన నీటితో కడగడం ఉండేవి. ఒళ్లు హూనమయ్యే పనులవి, ప్రమాదమూ ఎక్కువే. ఉత్తర భారతంలో పొగమంచు వల్ల లైన్లు పదేపదే ట్రిప్పయ్యాక పవర్‌గ్రిడ్ సంస్థ పెద్ద ఎత్తున పింగాణీని తీసేసి సిలికోన్ రబ్బరు తొడిగిన ఇన్సులేటర్లను బిగించింది.

మిగతా పరిశ్రమల్లో ఫలితం ఇంత తేటగా లేదు. సౌరఫలకాలనే తీసుకుందాం. కర్నూలు ప్రాంతంలోని వెయ్యి మెగావాట్ల పార్కు లాంటి చోట దుమ్ము పడితే ఉత్పత్తి తగ్గుతుంది, కడగడానికి నీళ్లు కావాలి, ఆ నేలలో నీటికే కరువు. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ ఫలకాలను సులువుగా శుభ్రం చేసుకునే పూతను ఇందుకోసమే తయారుచేసింది. ఇది చేయదగిన పనే. కాకపోతే, బొట్టు దొర్లితేనే దుమ్ము పోతుంది. వానా మంచూ లేని నెలల్లో నీరంటని పూతకు చేయడానికి పనే ఉండదు. ఫలకానికి కంపెనీ ఇచ్చే హామీ 25 ఏళ్లు. పూత అందులో ఎన్నేళ్లు నిలుస్తుంది, ఎంత వెలుగును అడ్డుకుంటుంది అనే లెక్క తేలాకే దాని ధర గురించి మాట్లాడాలి.

థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో ఆవిరిని చల్లార్చి నీరుగా మార్చే కండెన్సర్లది ఇంకో కథ. గొట్టాల మీద ఆవిరి పొరగా కాక బొట్లుగా చల్లబడితే వేడి ఐదారు రెట్లు త్వరగా దిగిపోతుందని జర్మనీకి చెందిన ఎర్నెస్ట్ ష్మిట్ 1930లోనే చూపాడు. తొంభై ఏళ్లు దాటినా ఇది విద్యుత్ కేంద్రాల్లో స్థిరపడలేదు. పాలిమర్‌కు వేడిని మోసే శక్తి రాగితో పోలిస్తే వేయి రెట్లకు పైగా తక్కువ. పూత మందమైతే వచ్చిన లాభాన్ని అదే తినేస్తుంది, పలచనైతే ఆవిరి ధాటికి నెలల్లో లేచిపోతుంది.

ఫోన్ల విషయంలో పని సులువు, ఎందుకంటే పూత లోపల దాగి ఉంటుంది, దాన్ని ఎవరూ రుద్దరు. సైనికుల దుస్తుల కోసం బ్రిటన్ రక్షణ ప్రయోగశాలలో పుట్టిన ప్లాస్మా పూతను పీ2ఐ అనే కంపెనీ ఫోన్లకు తెచ్చింది.

ఇక ఇనుముకు తుప్పు పట్టకుండా వేసే పూతల్లో నీటిని జార్చడం కన్నా లోపలికి రానివ్వకపోవడమే ముఖ్యం. ఎపాక్సీలో బంకమన్ను పలుకులనో గ్రాఫీన్ రేకులనో పరిస్తే, నీటి అణువు తిన్నగా దిగలేక ఒక్కో రేకు చుట్టూ తిరిగి రావాలి. దారి పొడవయ్యేకొద్దీ తుప్పు ఆలస్యమవుతుంది.

ఈ పూతల చరిత్రలో మచ్చ కూడా ఉంది, దాన్ని దాటవేయకూడదు. దశాబ్దాల పాటు నీరంటని బట్టలకు, కార్పెట్లకు, కాగితాలకు ఫ్లోరిన్ గొలుసులనే వాడారు. కార్బన్ ఫ్లోరిన్ బంధం ఎంత గట్టిదంటే మట్టిలోనూ నీటిలోనూ ఒంట్లోని రక్తంలోనూ అది విచ్ఛిన్నం కాక పోగుపడుతూనే ఉంటుంది. అందుకే విషరసాయనాలపై దేశాలు చేసుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందం 2009లో ఈ తరగతికి చెందిన పీఎఫ్ఓఎస్‌ను, 2019లో పీఎఫ్ఓఏను కట్టడి చేసింది. 2025 చివరికల్లా ఈ తరగతి రసాయనాల తయారీని మానేస్తామని 3ఎం కంపెనీ 2022 డిసెంబరులో ప్రకటించింది. అసలు చాలా వాటికి ఫ్లోరిన్ అవసరమే లేదు. నీటి తలతన్యత 72, వంటనూనెది 30 చుట్టుపక్కల. నూనెను కూడా జార్చాలంటే ఫ్లోరిన్ లాంటిది కావాలి. నీరొక్కటే జారాలంటే సిలికోన్ చాలు, పొడవాటి హైడ్రోకార్బన్ గొలుసున్న సిలేన్లు చాలు, తామరాకుకైతే మైనమే సరిపోయింది. గోడకూ డాబాకూ వానకోటుకూ నూనెను జార్చాల్సిన అగత్యం ఏముంది?

ఇప్పుడు బజారులో నానో పేరుతో డాబా పూతలు, కారు పూతలు, టైల్స్ పూతలు బోలెడన్ని వస్తున్నాయి. దుకాణంలో పలక మీద బొట్టు దొర్లించి చూపిస్తారు. ఆ బొట్టు మొదటి రోజు సంగతే చెబుతుంది. కొనే ముందు మూడు విషయాలు అడగండి: రాపిడి పరీక్షలో ఎన్ని చుట్లు తట్టుకుంది, అతినీలలోహిత దీపం కింద ఎన్ని గంటలు నిలిచింది, అందులో ఫ్లోరిన్ ఉందా లేదా. మొదటి రెండింటికీ అంకెలతో, మూడోదానికి సూటిగా జవాబు చెప్పలేని డబ్బాకు డబ్బు పెట్టకండి.